వెన్నులో ఇంజెక్షన్ అంటే వణికిపోతున్నారు, ఎలా నచ్చజెప్పాలి?

ప్రశ్న: అక్కలూ, సిజేరియన్ థియేటర్‌లో చేరి రెండు నెలలైంది. వెన్నులో మత్తు అనగానే "జీవితాంతం నడుం నొప్పి వస్తుందట కదా సిస్టర్" అని ఏడుస్తున్నారు. "ఏం కాదమ్మా" అంటున్నా, వినడం లేదు. నిన్న ఒకామె సూది తగలగానే ఎగిరిపడింది. మత్తు డాక్టర్ గారు మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది.

జవాబు: చెల్లీ, "ఏం కాదు" అనడం మానెయ్. ఏమవుతుందో వరసగా చెప్పు. అదీ థియేటర్‌లో కాదు, వార్డులో మంచం పక్కన కూర్చుని. నేనిలా చెప్తాను: "వీపు మీద చల్లగా మందు రాస్తారు. సూది చురుక్కుమంటుంది, తర్వాత నొక్కినట్టుంటుంది. కాసేపటికి కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి, కదపాలన్నా కదలవు. కంగారుపడకు, మందు పనిచేస్తోందన్నమాట. కొన్ని గంటల్లో మామూలవుతాయి. బిడ్డను తీసేటప్పుడు లాగినట్టు తెలుస్తుంది, కోసిన నొప్పి తెలియదు. వికారంగా ఉన్నా, ఊపిరి ఆడనట్టున్నా వెంటనే చెప్పు." అసలు నొప్పే ఉండదని మాత్రం అనకు. సూది చురుక్కుమన్న క్షణం నుంచి మన మాట నమ్మరు.

కూర్చోబెట్టాక దిండు పొట్టకు హత్తుకోమని, గడ్డం ఛాతీకి ఆనించి రొయ్యలా ముడుచుకోమంటాను. నిండు పొట్టతో అది చాలా కష్టం పాపం. ఎదురుగా నిలబడి ఆమె నుదురు నా భుజానికి ఆనించుకుంటాను. డాక్టర్ గారు తాకే ముందు ప్రతిసారీ "ఇప్పుడు చల్లగా", "ఇప్పుడు సూది" అని చెవిలో చెప్తాను. "కదలాలనిపిస్తే కదలకు, నోటితో చెప్పు, ఆగుతారు" అంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

నడుం నొప్పి సంగతంటావా, సూది దించేది దాదాపు మొలతాడు కట్టే ఎత్తులో. వెన్నుపాము అంతకు పైనే ముగుస్తుంది. గుచ్చినచోట కొద్ది రోజులు సలుపు ఉండొచ్చు. నెలల తరబడి వేధించే నొప్పి ఈ సూది వల్ల వచ్చేది కాదు. గర్భం బరువు, వంగి పాలివ్వడం, బిడ్డను ఎత్తడం, వీటివల్లే ఎక్కువ.

మరొకరు: తలనొప్పి గురించి కూడా చెప్పాలా అక్కా? భయపెట్టినట్టవదా?

జవాబు: చెప్పాలి. కొద్దిమందికి లేచి కూర్చుంటే తల పగిలిపోతుంది, పడుకుంటే తగ్గుతుంది. అలా ఉంటే దాచుకోకుండా చెప్పమను, వైద్యం ఉంది. ఇంకా లోతుగా అడిగితే మత్తు డాక్టర్ గారినే పిలుస్తాను. పక్కన అమ్మో అత్తగారో ఉంటే వాళ్లనీ కూర్చోబెట్టు, భయం చాలాసార్లు వాళ్లదే.

ప్రశ్న అడిగినవారు: రేపు ఉదయం మొదటి కేసు నాదే అక్కా. ఈ సాయంత్రమే వార్డుకెళ్తా.

జవాబు: వెళ్లు. ముడుచుకుని కూర్చోవడం ఒకసారి మంచం మీదే చేయించు. చివర్లో "ఏం జరుగుతుందో నాకు చెప్పమ్మా" అని ఆమెతోనే చెప్పించు. ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ చెప్పు.