అప్‌డేట్: శేషాచలం మ్యాప్ ఇప్పుడు కొండలాగే ఉంది

పోయిన నెల అడిగాను కదా, తిరుపతిలో త్రీడీ ప్రింటర్‌తో చేస్తున్న శేషాచలం కొండల మ్యాప్ దోసెలా చదునుగా వస్తోంది, ఒక్కటీ అమ్ముడుపోవట్లేదని. ఎత్తు పెంచమన్న వాళ్లకి దండం.

1:50,000 స్కేలులో తిరుపతికి, తిరుమలకు మధ్య ఉన్న సుమారు 700 మీటర్ల తేడా 14 మిల్లీమీటర్లే అవుతుంది. ఎత్తు మాత్రం రెండింతలు చేస్తే 28 వచ్చింది. మూడింతలూ చేసి చూశా. అలిపిరి వైపు గోడలా నిలబడింది, అది మన కొండే కాదు.

ప్రింటర్ ఒకదాని మీద ఒకటి వేసే ప్లాస్టిక్ పొర మందం 0.2 నుంచి 0.12 మిల్లీమీటర్లకు తగ్గించాక పొరల మధ్య కనబడే గీతలు దాదాపు పోయాయి. కానీ ప్రింటు రాత్రంతా నడుస్తుంది. ఒకరోజు తెల్లవారుజామున కరెంటు పోయి సగం కొండే మిగిలింది. యూపీఎస్ కొన్నాక టెన్షన్ తగ్గింది.

ఎత్తుల డేటా 2000లో నాసా స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో నేల ఎత్తులు కొలిచిన ఎస్‌ఆర్‌టీఎమ్ అనే మిషన్‌ది, ఉచితం. 30 మీటర్లకు ఒక చోట మాత్రమే ఎత్తు ఉంటుంది, అందులో మెట్లదారి ఎక్కడ కనబడుతుంది? సన్న బ్రష్‌తో ఎర్రరంగులో నేనే గీస్తున్నా. మా అవ్వ ఆ గీత మీద వేలు పెట్టి పైకి పోతూ పోతూ ఆగి, "మోకాళ్ల పర్వతం ఇదేనా నాయనా?" అంది.

ధర 1,800 పెట్టా. నాలుగు పోయాయి. ఐదోది ఒక లాడ్జి రిసెప్షన్‌కి, ఇంకా రంగు ఆరలేదు.