'క్లెజ్మర్' అంటే మనిషా, వాయిద్యమా, సంగీతమా?

అనువాదం చేస్తుంటే ఒక మాట దగ్గర బండి ఆగింది, సాయం చేయండి. తూర్పు యూరప్ యూదుల సంగీతం మీద వ్యాసం అది. ఒకచోట 'ముసలి క్లెజ్మర్ ఒకాయన' అని మనిషిని అంటాడు. నాలుగు వాక్యాలు దాటాక 'వీధిలో క్లెజ్మర్ వినిపించింది' అంటాడు. నేను రెండు చోట్లా 'యూదుల పెళ్లి మేళం' అని రాసి పంపేశాను. సంపాదకులు తిప్పి పంపారు. చివర్లో ఉన్నది ర్యాప్, ఫంక్ కలిపిన ఆల్బమ్ అట, దాన్ని పెళ్లి మేళం అంటే ఎవరు ఒప్పుకుంటారు అన్నారు. మా తమ్ముడైతే ర్యాప్ కలిస్తే అది అసలు క్లెజ్మరే కాదు పొమ్మన్నాడు.

*

మాస్టారూ, ముందు మాట పుట్టుక చూద్దాం. హీబ్రూలో 'క్లే' అంటే పాత్రలు, పనిముట్లు. 'జెమెర్' అంటే పాట. రెండూ కలిస్తే పాట పనిముట్లు, అంటే వాయిద్యాలు. యూదులు ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్‌లోకి వచ్చేసరికి అది వాయిద్యాన్ని వదిలేసి, వాయించే మనిషి మీద కూర్చుంది. ఒకడైతే క్లెజ్మర్, నలుగురైతే క్లెజ్మొరిమ్. కాబట్టి మీ 'ముసలి క్లెజ్మర్' సరైన పాత వాడుకే. అక్కడ 'మేళం' కుదరదు, 'మేళగాడు' అనండి.

*

మన దగ్గర బండి ఎదురు దిక్కుకి నడిచింది చూశారా! భజంత్రీ అంటే వాయించేవాడు. ఇప్పుడు 'బాజాభజంత్రీలు మోగాయి' అంటున్నాం. మనుషులు మోగుతారా? అక్కడ పనిముట్టు మనిషైతే ఇక్కడ మనిషి చప్పుడయ్యాడు. తాళి కట్టేటప్పుడు పురోహితుడు 'గట్టిమేళం, గట్టిమేళం' అని కేకేస్తాడు కదా, ఆ కేక మనుషులకా, మోతకా? మా ఇంట్లో అడిగితే 'నీకు పెళ్లి భోజనం ఎక్కువైంది' అన్నారు.

*

ఇంకో పోలిక కూడా ఉందండీ, అంత నవ్వొచ్చేది కాదు. మేళగాడు లేకుండా పెళ్లి జరగదు, కానీ బంతిలో అతనికి పీట వేయరు. క్లెజ్మర్‌దీ అదే బతుకు. అమెరికా చేరిన యూదు సంగీతకారుల్లో చాలామందికి ఆ మాట తిట్టులా వినిపించేది. స్వరలిపి చదవడం రానివాడు, పెళ్లిళ్లకి తప్ప పనికిరానివాడు అని అర్థం. గౌరవంగా పిలవాలంటే 'ముజికాంట్' అనాలి.

మరి సంగీతానికి ఆ పేరు ఎప్పుడొచ్చింది అంటారా? 1930ల్లో సోవియట్ ఉక్రెయిన్‌లో మోషే బెరెగోవ్స్కీ అనే పరిశోధకుడు తన పుస్తకాల్లో ఆ అర్థంతో వాడాడు. జనం నోట్లో పడింది మాత్రం 1970ల చివర్లోనే. కాలిఫోర్నియాలోని బర్కిలీలో 1975లో కుర్రాళ్లు కొందరు బృందం కట్టి 'ది క్లెజ్మొరిమ్' అని పేరు పెట్టుకున్నారు. 1979లో ఆండీ స్టాట్‌మన్, జెవ్ ఫెల్డ్‌మన్ తెచ్చిన రికార్డు అట్ట మీదే 'జ్యూయిష్ క్లెజ్మర్ మ్యూజిక్' అని ఉంది. అంతకు ముందు వాయించేవాళ్లు ఆ నాట్యం పేరో ఈ నాట్యం పేరో చెప్పేవారు: ఫ్రెయ్‌లెఖ్స్, బుల్గార్, హోరా. అంటే మీ తమ్ముడు కాపాడుతున్న 'అసలు క్లెజ్మర్' అన్న పేరుకి యాభై ఏళ్లే. మీ తమ్ముడి వయసు నాకు తెలీదనుకోండి!

*

పేరు కొత్తదైతే సరుకు కొత్తదవుతుందా అండీ? సరుకు పాతదే కదా.

*

సరుకు పాతదే, కానీ కల్తీ లేనిది ఎప్పుడూ కాదు. 'బుల్గార్' అన్న పేరులోనే బల్గేరియా వినిపిస్తోంది, ఆ నాట్యం బెస్సరేబియా (ఇప్పటి మాల్డోవా వైపు) నుంచి వచ్చింది. 'దోయినా' రొమేనియా గొర్రెల కాపరుల ఆలాపన. మొదట్లో పెత్తనం ఫిడేలుది, పక్కన పుల్లలతో కొట్టే త్సింబ్ల్ (మన సంతూర్‌కి బంధువే). క్లారినెట్ 19వ శతాబ్దంలో గానీ ముందుకు రాలేదు. 1920ల న్యూయార్క్‌లో ఆ క్లారినెట్‌కి రారాజు నాఫ్తులే బ్రాండ్‌వైన్. తన వేళ్ల కదలిక ఎవరూ దొంగిలించకుండా జనానికి వీపు తిప్పి వాయించేవాడని చెప్పుకుంటారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోని సంగీతమైతే అంత భయం ఎందుకు?

ఇప్పటివాళ్లు చేస్తున్నదీ అదే పని, ఊరు మారిందంతే. న్యూయార్క్‌లో 1986లో మొదలైన క్లెజ్మాటిక్స్ బృందం ఉడీ గత్రీ రాసిపెట్టిన గేయాలకి బాణీలు కట్టి 2007లో గ్రామీ అందుకుంది. గత్రీ ఓక్లహోమా జానపద గాయకుడు, యూదుడు కాదు. కానీ ఆయన అత్తగారు అలీజా గ్రీన్‌బ్లాట్ యిడ్డిష్ కవయిత్రి. అల్లుడి పాట అత్తగారి భాషవాళ్ల చేతుల్లో పడింది! మీ వ్యాసంలోని ర్యాప్, ఫంక్ ఆల్బమ్ బహుశా 'ఏబ్రహమ్ ఇంక్' అనే బృందం వాళ్లది అయ్యుండాలి. క్లారినెట్ డేవిడ్ క్రాకవర్, ర్యాప్ మాంట్రియల్ కుర్రాడు సోకాల్డ్, ట్రాంబోన్ ఒకప్పుడు అమెరికా ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో వాయించిన ఫ్రెడ్ వెస్లీ.

*

సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఒక మాట. వాళ్ల స్వరాల వరసల్లో 'ఫ్రెయ్‌గిష్' అని ఒకటుంది, మాట జర్మన్ 'ఫ్రిగిష్' నుంచి వచ్చింది. మీ సరళీ వరసలు మాయామాళవగౌళలోనే కదా. నిషాదాన్ని ఒక మెట్టు దించి కైశికి చేయండి. అది మన వకుళాభరణం, వాళ్ల ఫ్రెయ్‌గిష్. స్వరాలు అవే, నడక వేరు. అక్కడ స్వరం చివర గొంతు పూడుకుపోయినట్టు ఒక విరుపు ఉంటుంది, దాన్ని 'క్రెఖ్ట్స్' అంటారు. యిడ్డిష్‌లో ఆ మాటకి అర్థం మూలుగు.

*

అక్కా, మూలుగు అని రాస్తే జ్వరమొచ్చినట్టుంది. వాయిద్యం మీద చేసేది కాబట్టి 'నొక్కు' అనొచ్చుగా? వీణవాళ్ల గమకాల్లో నొక్కు ఉంది.

*

నొక్కు అంటే మనవాళ్లు సన్నాయి నొక్కులే అనుకుంటారు, వెక్కిరింపు అయిపోతుంది. 'వెక్కు' అనండి. వెక్కివెక్కి ఏడవడంలోది. మూలుగుకీ దగ్గరే, విరుపూ వినిపిస్తుంది.

*

అందరికీ దండాలు. వ్యాసం ఇలా సరిచేశాను. మనిషి ఉన్నచోట 'మేళగాడు', సంగీతం ఉన్నచోట 'క్లెజ్మర్' అనే ఉంచేసి మొదటిసారి వచ్చినప్పుడు మాట పుట్టుక ఒక వాక్యంలో చెప్పాను. ర్యాప్ ఆల్బమ్‌కీ అదే మాట. క్రెఖ్ట్స్‌కి 'వెక్కు' ఖాయం. తమ్ముడికి ఈ చర్చ చూపిస్తే, యాభై ఏళ్ల మాట దగ్గర కాస్త సన్నాయి నొక్కులు నొక్కాడు గానీ, ఆ ఆల్బమ్ పేరేంటని అడిగాడు.