కెమెరాకు బరువున్న అల్యూమినియం స్టాండా (ట్రైపాడ్), తేలిక కార్బన్ ఫైబర్‌దా? 12 వేలల్ల ఏది తీస్కోవాలె?

డిండివాగు:
అన్నలార, పోయిన వారం సాగర్ గేట్లు ఎత్తిన్రని తెలిసి దేవరకొండ నుంచి బండి మీద పోయిన. నీళ్లు పాల లెక్క మెత్తగ రావాలని పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) పెట్టి, షట్టర్ 15 సెకన్లు, 20 సెకన్లు తెరిచి తీసిన. ఇంటికొచ్చి కంప్యూటర్ల చూస్తే నలభై ఫోటోలల్ల ముప్పై ఆరు పాడు. నీళ్లు మెత్తగనే వచ్చినయి, గని డ్యాం గోడ గూడ మెత్తగనే వచ్చింది! స్టాండు ఆన్‌లైన్ల 1,800కు కొన్నది. కెమెరా కెనాన్ 1500డీ, కిట్ లెన్సు, ఇంకోటి 55-250 జూమ్ లెన్సు. ఇప్పుడు 12 వేల దాక పెట్టగల్త. ఒక దోస్తేమో బరువుంటేనే కదలదు, అల్యూమినియందే కొను అంటడు. ఇంకొకడు కార్బనే అంటడు. ఏది నిజం?

స్టేజీపక్కన:
బరువే తమ్మీ, ఇంకో మాట లేదు. ఇరవై ఏండ్ల సంది పెండ్లిళ్లు తీస్తున్న. పందిట్ల పిల్లలు ఉరుకుతుంటరు, పట్టుచీరల కొంగులు తట్టుకుంటయి, వడ్డించేటోడు బకెట్ తోని గుద్దుతడు. తేలిక స్టాండయితే కెమెరాతో సహా తలంబ్రాల పళ్లెంల పడ్తది. నాది కెమెరా బిగించే తలకాయతో కలిపి ఐదు కిలోలకు తక్కువ లేదు, ఇప్పటిదాంక ఒక్కసారి గూడ పడలే. కార్బన్ అంటే పేరుకు పెట్టే పైసలు. గవి ఎక్కువైనయంటే ఒక మంచి లైటు కొనుక్కో.

పాలమూరు_బాటసారి:
అన్నా, నీ స్టాండు ఆటోల వస్తది, ఆటోల పోతది. తమ్ముడేమో దేవరకొండోడు, ఖిల్లా ఎక్కాల్నంటడు రేపు. మల్లెలతీర్థం మెట్లు దిగి మళ్ల ఎక్కినోనికి తెలుస్తది కిలో అంటే ఏందో. నేను ముందుగాల మూడు కిలోలది కొన్న. రెండు నెలలు మోసిన, తర్వాత అది మంచం కిందికి పోయింది, మా అమ్మ దాని మీద వడియాల గుడ్డ ఆరేసేది. ఇంట్ల పండుకున్న గట్టి స్టాండు కన్న భుజం మీదున్న తేలికది నయం. ఇంకోటి, మన మే నెల ఎండల అల్యూమినియం కాళ్లు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటది. కార్బన్ అంత కాలదు.

ఛాయాదీపం:
ఏది కొనాలో చెప్పేముందు ఒక్క ప్రశ్న. బాబూ, ఆ రోజు స్టాండు ఎక్కడ నిలబెట్టారు?

డిండివాగు:
డ్యాం కింద బ్రిడ్జి మీద సార్. అందరు ఆడనే నిలబడ్తరు గద.

ఛాయాదీపం:
అనుకున్నాను. అది బండ్లు తిరిగే వంతెన. లారీ పోతే మీ కాళ్లకే తెలుస్తుంది, కింద పలక వణుకుతుంది. 20 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ఒక్క బస్సు పోయినా చాలు. నేలే కదిలాక లక్ష రూపాయల స్టాండైనా దానితోపాటే కదులుతుంది. ఆ మిగిలిన నాలుగు ఫోటోలు బండ్లు లేని నిమిషంలో పడి ఉంటాయి, చూసుకోండి.

రెండోది, నడిమి గొట్టం పైకి లాగారా? లాగే ఉంటారు, పిట్టగోడ అడ్డం కదా. అది లేపామంటే మూడు కాళ్ల స్టాండు నెత్తిన ఒంటికాలి కర్ర పెట్టినట్టే. మూడోది, లెన్సు పక్కన స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసేది) మీట ఉంటుంది, స్టాండు మీద దాన్ని ఆపేయాలి. కొన్ని లెన్సులు లేని కదలికను వెతుక్కుంటూ తామే బొమ్మను కదిలిస్తాయి. బటన్ వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమర్ పెట్టండి.

నేను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో తరచూ తీస్తాను. గర్భగుడిలో పొద్దస్తమానం నిలిచే ఆ నీడ చీకట్లో దొరకాలంటే 4, 5 సెకన్లు తప్పదు. నాది పాత మామూలు అల్యూమినియం స్టాండే. రాతినేల, గాలి లేదు, గొట్టం దించి ఉంటుంది. ఒక్కటీ చెడలేదు. (ఆలంపురం నవబ్రహ్మ గుళ్లకు పోయేవాళ్లు మాత్రం ముందే అడుక్కోండి. అవి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి, స్టాండు వాడాలంటే అనుమతి కావాలి. నేను ఒకసారి మోసుకుపోయి మోసుకొచ్చాను.)

స్టేజీపక్కన:
సార్ చెప్పింది ఒప్పుకుంట. బారాత్‌ల డీజే బాక్సుల పక్కన పెడితే నా ఐదు కిలోలది గూడ వణుకుతది. గని గాలి సంగతేంది? గేట్లు ఎత్తినప్పుడు ఆడ తుంపర్లు, గాలి మామూలుగుండదు. ఆడ బరువే కాపాడ్తది.

గొట్టాల_లెక్క:
ఇద్దరూ కిలోల మీదనే కొట్లాడుతున్నరు. చూడాల్సింది కాలు లావు. గొట్టం గోడ మందం అదే ఉండి వ్యాసం 25 మిల్లీమీటర్ల నుంచి 32కు పోతే, వంగకుండ నిలిచే గట్టితనం రెండింతలు దాటుతది. వ్యాసం ఘనం ప్రకారం పెరుగుతది గనుక. బరువు మాత్రం పావువంతు కన్న కొంచెం ఎక్కువ పెరుగుతది, అంతే. అందుకే నాలుగు మడతల (ఒకదాంట్ల ఒకటి దూరే ముక్కల) కాలు కన్న మూడు మడతలది నయం. మడత పెరిగిన కొద్దీ ఆఖరి ముక్క సన్నబడ్తది, అందరికన్న ముందు ఊగేది గదే.

డబ్బా మీద "8 కిలోలు మోస్తది" అని రాసింది నమ్మకున్రి. అన్ని కంపెనీలు ఒక్క తీరుగ కొలువవు. విరగకుండ మోసుడు వేరు, ఊగకుండ నిలుసుడు వేరు.

పాలమూరు_బాటసారి:
గందుకే కార్బన్ అంటున్న. లావు కాలున్నా తేలికుంటది, వణుకు గూడ జల్ది సచ్చిపోతది. గాలొస్తే నడుమ కొక్కేనికి సంచి వేలాడదీస్తే అయిపాయె.

గొట్టాల_లెక్క:
సంచి వేలాడదీసి గాలికి వదిలితే గుడిగంట లెక్క ఊగి స్టాండును గూడ ఊపుతది. సంచి అడుగు నేలకు ఆనాలె. ఇంకో సంగతి, దెబ్బ తగిల్తే అల్యూమినియం సొట్ట పోతది, కార్బన్ పగుల్తది. సొట్టను చూసి చెప్పొచ్చు, లోపటి పగులు కనబడదు. సెకండ్ హ్యాండ్ కార్బన్ కొనేటోళ్లు కాళ్లన్నీ పూర్తిగ గుంజి, ఒక్కో ముక్కను గోటితోని కొట్టి ఇనున్రి. ఒక దగ్గర చప్పుడు మారితే వద్దు. 12 వేలకు కొత్త కార్బన్ దొరికినా సన్నకాళ్లదే వస్తది. దానికన్న లావు కాళ్ల అల్యూమినియం నయమని నా లెక్క.

పాలమూరు_బాటసారి:
నీ లెక్క కాగితం మీద కరెక్టే. నల్లమల అడవిల ఫర్హాబాద్ దిక్కు ఒకపూట నాతోని నడువు, అప్పుడు మాట్లాడుకుందాం.

ఛాయాదీపం:
డిండివాగు గారూ, కొనేముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. బండల నేల మీద స్టాండు పెట్టి, జూమ్ లెన్సును 250 దగ్గర పెట్టి గోడ మీది క్యాలెండర్ అంకెను తెర మీద పది రెట్లు పెద్దగా చేసి చూస్తూ, కాలిని వేలితో చిన్నగా తట్టండి. వణుకు ఆగడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టండి.

డిండివాగు:
చేసిన సార్. గొట్టం లేపితే ఏడు లెక్కపెట్టేదాంక ఊగింది. దించితే మూడు. చూపుడు వేలంత సన్నముండే ఆఖరి ముక్కలు గూడ మడిచి, మోకాళ్ల మీద కూసొని చూస్తే ఒకటిన్నర! గదే 1,800 స్టాండు. ఆ నాలుగు ఫోటోలు గూడ చూసిన, మీరన్నట్టే, ఫ్రేముల మధ్య టైం చూస్తే వరుసగ తీసినవే. కొనుడైతే కొంట, లావు కాళ్లది, మూడు మడతలది, అల్యూమినియందే. ఖిల్లా ఎక్కేటప్పుడు తిట్టుకుంట, ఏం చేస్త. గని ముందుగాల ఈ ఆదివారం ఇదే స్టాండు తీస్కొని పోయి, బ్రిడ్జి దాటినంక గట్టినేల మీద పెట్టి చూస్త.

స్టేజీపక్కన:
నీళ్ల దగ్గరికి దిగకు, ఒడ్డు మీది నుంచే తియ్యి.
అయినా ఏం తీస్తవ్ తమ్మీ, రాత్రే గేట్లు దించిన్రంట.