కొండ మెట్ల మీద పేషెంట్‌ని దించడం ఎలా? అనుభవమున్నవాళ్లు చెప్పండి

విశాఖలో 108 అంబులెన్సులో ఈఎంటీగా (బండిలో అత్యవసర చికిత్స చేసే మనిషిగా) పనిచేస్తున్నాను. ఇక్కడ కొండవాలు ఇళ్లకి బండి వెళ్లదు, స్ట్రెచర్ తిరగదు. ప్లాస్టిక్ కుర్చీయే గతి.

మొన్న అలాగే ఒక మామ్మ స్పృహ తప్పితే ఎక్కాం. షుగర్ చూస్తే 48కి పడిపోయింది. డెక్స్ట్రోజ్ ఎక్కించాక కళ్లు తెరిచి ఆవిడ అన్న మొదటి మాట: "చెప్పులతోటి లోపలికొచ్చీసారేటి?" (వచ్చేశాం మరి.) కుర్చీలో కూర్చోబెట్టి నేనూ పైలటూ (మా బండి డ్రైవరు) మోస్తుంటే ప్రతి గుమ్మం దగ్గరా ఆపించి, "కేజీహెచ్‌కి ఎల్లొస్తానే, కోడికి గింజలెయ్యి" అని అప్పగింతలు. సగం మెట్లు దిగాక తాళం వేశామా అని అనుమానం. మళ్లీ పైకెక్కింది నేనే.

నవ్వొచ్చింది గానీ నడుం పట్టేసి మూడు రోజులైంది.

కుర్చీ మోసేటప్పుడు బలమైనవాడు పైన ఉండాలా, కింద ఉండాలా? ఛాతీకి చున్నీ కడుతున్నాను, అది సరిపోతుందా, బెల్టే కావాలా? విజయవాడ కొండల మీద చేసేవాళ్లు దుప్పటితో దించుతారా? సాయానికొచ్చే కుర్రాళ్లు ఫోన్లో వీడియో తీయకుండా ఓ చెయ్యి వేయాలంటే ఏం చెప్పాలో కూడా, పుణ్యముంటుంది, చెప్పండి.