ఉగాదికే దొడ్లో కూరపాదులా, మృగశిర దాకా ఆగాలా?

కొత్తదొడ్డి:
హైదరాబాద్ వదిలేసి రాజోలు దగ్గర మా ఊరికి వచ్చేశాను. ఇంటి వెనక ఐదు సెంట్లు ఖాళీగా ఉంది, గట్టు మీద నాలుగు కొబ్బరి చెట్లు. ఉగాది వెళ్ళగానే కూరగాయలు వేసేద్దామనుకుంటే మా పెదనాన్న "కాలువ నీళ్ళు కట్టేసే ముందు పాదు పెట్టేవాడివి నువ్వేరా" అని నవ్వాడు. యూట్యూబ్‌లో చూస్తే అందరూ మార్చిలోనే మొదలెట్టమంటున్నారు. బోరు ఉంది గానీ నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. ఎవరి మాట వినాలండీ?

గట్టుమీదబెండ:
వేసెయ్యండి. బెండ, గోరుచిక్కుడు, దోస, బీర, ఆనప, తోటకూర ఎండని ఇష్టపడే పంటలే. ఇప్పుడైతే నేల ఆరి ఉంటుంది, తవ్వుకోవచ్చు. వానలు పడ్డాక మన నేలలో గునపం దింపి చూడండి, బంకమట్టి మీ కాలితో సహా పట్టుకుంటుంది. బెండ నెలన్నరకి కాపుకొస్తుంది. మేము ఏటా ఉగాదికే వేస్తాం.

పల్లపుచేను:
ఏటా వేస్తారు సరే, నీళ్ళెక్కడివి? లెక్క వేసి చూడండి. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకి 5 మిల్లీమీటర్ల నీరు పోతుందనుకున్నా సెంటుకి 200 లీటర్లు, ఐదు సెంట్లకి 1000 లీటర్లు. అదీ రోజూ! ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టా నీళ్ళ లెక్క వరిది. దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక కాలువలు కట్టేస్తారు, సార్వాకి (వానాకాలం వరికి) జూన్‌లో వదులుతారు. మధ్యలో మీ బెండ మొక్క సంగతి ఎవరికీ పట్టదు.

ఇక ఉప్పు బోరు. ఒక్కో తడితో ఇంత ఉప్పు నేలలో మిగిలిపోతుంది, కడగడానికి వానుండదు. రెండేళ్ళ క్రితం నేనూ ఏప్రిల్‌లో టమాటా, బీన్స్, పందిరి చిక్కుడు వేశాను. మే వచ్చేసరికి మళ్ళ మీద తెల్లగా పొర కట్టింది. బీన్స్ ఆకులు అంచుల నుంచి మాడిపోయాయి. టమాటా పూత బాగానే వచ్చింది, వచ్చినట్టే రాలిపోయింది. చిక్కుడైతే పందిరంతా అల్లుకుని ఒక్క పువ్వు పూయలేదు. మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెప్పి నవ్విస్తుంది.

గట్టుమీదబెండ:
తప్పు కాలానిది కాదు బాబాయ్, మీరు ఎంచుకున్న వాటిది. రాత్రిళ్ళు కూడా ఉడికిపోతుంటే టమాటా పిందె కట్టదు. మన పందిరి చిక్కుడుకి పగటిపొద్దు తగ్గితే గానీ పూత రాదు. బీన్స్‌కి ఉప్పు అసలు గిట్టదు. అదే నీళ్ళతో గోరుచిక్కుడు వేసుంటే తట్టుకునేది. అయినా మొదటి ఏడాదే ఐదు సెంట్లూ వెయ్యమని ఎవరన్నారు? అర సెంటు చాలు. అంట్ల గిన్నెలు తొలిచిన నీళ్ళు ఓ మూలకి మళ్ళించినా నాలుగు ఆనప పాదులు బతుకుతాయి. (సబ్బు నీళ్ళు కాదండోయ్.)

లంకగాలి:
మీ ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. ఆ యూట్యూబ్ వాళ్ళలో సగం మంది చలి దేశాల వాళ్ళు. మంచు కరిగాక నేల మేలుకుంటుంది కాబట్టి వాళ్ళకి మార్చి. మనకి మంచెక్కడ? మా లంకల్లో (గోదారి మధ్య దిబ్బల్లో) వరద తీశాక, దసరా నుంచి కార్తీకం లోపు, కొత్త ఒండ్రు మీద వంగ, టమాటా, మిర్చి, చిక్కుడు వేస్తాం. చేమంతులు పూసే కాలమే మనకి కూరగాయల కాలం. మృగశిర కూడా నమ్మకండి. జూలై, ఆగస్టుల్లో పల్లపు దొడ్లో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి.

ఈ రెండు నెలలూ నేల పని చేసుకోండి. మట్టి ఎత్తి జానెడు ఎత్తున బోదెలు తోలండి, మెరక చేస్తేనే దొడ్డి. తొలకరికి జీలుగ (పచ్చిరొట్ట ఎరువు పైరు) చల్లి పూత దశలో కలియదున్నండి. అది చవుడునీ తట్టుకుంటుంది, నీటి నిలవనీ తట్టుకుంటుంది.

వరదగోదారి:
వానాకాలం దొడ్లో ఈత, ఎండాకాలం దొడ్లో బిందెలు. డెల్టాలో పుట్టాం మరి, ఆయ్!

పల్లపుచేను:
లంకగాలి గారూ, మీది ఇసుక కలిసిన ఒండ్రు, మాది నల్ల బంకమట్టి. కార్తీకంలో కూడా వారం రోజులు ఆరితే గానీ అడుగు పెట్టలేం. మెరక మాట మాత్రం ఒప్పుకుంటాను. మెరక మీదైతే మృగశిరకి బీర, పొట్ల, ఆనప పందిరి ఎక్కించొచ్చు. అవి వానలకీ కాస్తాయి. మొదట మట్టి, బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, ఎక్కడ చేస్తారో వాళ్ళనడగండి.

కొత్తదొడ్డి:
అందరికీ థాంక్స్. మా అమ్మ తీర్పు చెప్పేసింది: బావి పక్కన అర సెంటులో తోటకూర, గోంగూర, గోరుచిక్కుడు ఇప్పుడే. బావి నీళ్ళు ఉప్పగా లేవు. మిగతాది మట్టి ఎత్తి, వరిగడ్డి కప్పి వదిలెయ్యడం. పెదనాన్న ఆనప గింజలు ఇచ్చాడు గానీ మృగశిర దాకా పాతనని ఒట్టు వేయించుకున్నాడు. ఇంకొక్కటి, పీచు మిల్లు దగ్గర కొబ్బరి పొట్టు ఊరికే ఇస్తున్నారు. బంకమట్టిలో కలపొచ్చా?

పల్లపుచేను:
కలపొచ్చు. కానీ పచ్చిది తెచ్చి పొయ్యకండి, దాన్లోనూ ఉప్పుంటుంది. రెండు మూడు సార్లు మంచినీళ్ళతో కడగాలి. లేదా ఓ వానాకాలమంతా ఆరుబయట పోగుపెట్టి తడవనివ్వండి.