స్టార్టర్ డబ్బా రేకులో 25 ఎంఎం బొక్కను 40 చేయాలె, హోల్ సా నిలబడుతలేదు

పరకాల_బాయికాడ
అన్నలకు నమస్తే. బోరు మోటర్ స్టార్టర్ డబ్బా, ఇనుప రేకు, మందం 1.2 ఎంఎం. అడుగున 25 ఎంఎం బొక్క ఉన్నది. వైరును పట్టి ఉంచే కొత్త గ్లాండ్‌కు 40 కావాలె. 40 హోల్ సా (గుండ్రటి రంపం) ఉన్నది గానీ దాని నడుమ ఉండే పైలట్ బిట్టు (చిన్న డ్రిల్ బిట్టు) ఆనేందుకు రేకే లేదు. పండ్లు తగలంగనే మిషిన్ పక్కకు గుంజుతున్నది. స్టెప్ డ్రిల్ (మెట్లు మెట్లుగ లావయ్యే బిట్టు) అడిగితే 32 దాకనే ఉన్నదన్నరు. ఇంట్ల 13 ఎంఎం డ్రిల్, గ్రైండర్, ఆకురాళ్లు ఉన్నయి. వెల్డింగ్ షాపుకు మోసుకపోకుండ అయితదా?

కాజీపేట_ఫిట్టర్
అయితది తమ్మీ. హోల్ సాను నడుమ నిలబెట్టుడే పైలట్ బిట్టు పని. ఆ పని ప్లైవుడ్‌తోని చేయించాలె.

12 లేకపోతే 18 ఎంఎం ప్లై ముక్క, జానెడంత తీసుకో. ముందుగాల అదే 40 హోల్ సాతోని దాని నడుమ బొక్క కొట్టు. డబ్బా మీద బొక్క సెంటర్ నుంచి నాలుగు దిక్కులా ప్లస్ గుర్తు లెక్క గీతలు పొడుగ్గ గియ్యి. ప్లై మీద కూడా గట్లనే గీసి, గీతకు గీత కలిపి రెండు సీ క్లాంపులతోని బిగించు. ఒక్క క్లాంపు సరిపోదు, సా తగిలినంక ముక్క తిరుగుతది. ఇగ పైలట్ బిట్టు తీసేయి. ప్లై బొక్కనే హోల్ సాకు దారి. లోపల చెయ్యి పట్టే జాగ ఉంటే రేకు వెనుక ఇంకో చెక్క పెట్టు. లేకపోతే కోత అయిపోయేటప్పుడు పల్చటి రేకు వంగి పండ్లల్ల ఇరుక్కుంటది, మణికట్టు మెలిపడేది అప్పుడే.

స్పీడు సంగతి చానామంది పట్టించుకోరు. 40 ఎంఎం బైమెటల్ సాకు ఇనుములో 220 ఆర్‌పీఎం చుట్టుపక్కల చాలు. ఇంటి డ్రిల్లు పూర్తిగ నొక్కితే 2,800 దాక పోతది, అంత వేగంల పండ్లు నీలం రంగు తిరిగి మొద్దువారుతయి. ట్రిగ్గర్ సగం కూడా నొక్కకు. హామర్ మోడ్ బంద్ ఉండాలె. రెండు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేసి ఆగి ఆగి కొయ్యి.

25 సాను 40 సా లోపల ఒకటే ఆర్బర్ (సాను డ్రిల్లుకు బిగించే కడ్డీ) మీద బిగించి, లోపలిదాన్ని దారిగ వాడుకోమని ఎవరన్న చెప్తరు. ఉపాయం మంచిదే, నీకు మాత్రం పనికిరాదు. 30 ఎంఎం దాక ఉన్న సాలకు అర అంగుళం మర, 32 నుంచి పైవాటికి 5/8 అంగుళం మర. అడాప్టర్ లేకుంటే రెండూ ఒక్కదాని మీద కూసోవు.

నర్సంపేట_వైండింగ్
కోసుడు కంటే ముందు కరెంటు సంగతి చూసుకో. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల వ్యవసాయానికి 24 గంటల సప్లై వచ్చినంక కూడా చాన బాయిల కాడ ఆటో స్టార్టర్ అట్లనే ఉన్నది. లైన్ పోయి మళ్ల వస్తే మోటరు తనంతట తానే లేస్తది. మెయిన్ బంద్ చేసి మూడు ఫ్యూజులు ఊడదీసి జేబుల వేసుకో, మూడు ఫేజులకూ టెస్టర్ పెట్టి చూడు.

తర్వాత స్టార్టర్ ప్లేటు మొత్తం బయటికి తీయి. వైర్లు పీకేముందు ఫోటో తీసి పెట్టుకో. ఎందుకంటున్ననంటే, ఇనుప రజను కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే స్విచ్చు) సందుల్ల పడితే ఆ రోజు ఏం కాదు. పది రోజులకు మోటరు ఎక్కేటప్పుడు రెండు ఫేజుల నడుమ టప్పుమంటది. గుడ్డ కప్పితే సరిపోతదనుకోవద్దు. పని అయినంక డబ్బాల అయస్కాంతం తిప్పు, బ్లోయర్ కొట్టకు, అది రజనును ఇంకా లోపలికి తోస్తది.

ఇంకొకటి. మూడు ఫేజుల వైర్లు ఒక్క బొక్కల నుంచే పోవాలె. ఇనుప రేకుల ఒక్కో ఫేజు ఒక్కో బొక్కల నుంచి పోనిస్తే రేకు వేడెక్కుతది.

జమ్మికుంట_రేకుపని
హోల్ సా లేనోళ్లు కూడా ఇది చదువుతరు కాబట్టి చెప్తున్న. కంపాస్‌తోని 40 గుండ్రం గీసి, దాని లోపల 35 ఎంఎం గుండ్రం గియ్యి. రెండో గీత మీద నాలుగున్నర ఎంఎంకు ఒకటి చొప్పున పంచ్ కొట్టి, 4 ఎంఎం బిట్టుతోని వరుసగ బొక్కలు వేయి. 24 దాక వస్తయి. నడుమ మిగిలిన సన్నటి రేకును ఉలితోని తెంపి, అర్ధచంద్రం ఆకురాయితోని బయటి గీత దాక రాయి. గంటన్నర పని, ఓపిక ఉంటే గుండ్రంగనే వస్తది.

గ్రైండర్ ముట్టకు. నాలుగంగుళాల చక్రం తిన్నగనే కోస్తది. గుండ్రం రాదు సరికదా, నిప్పురవ్వలు పెయింటుల అతుక్కొని వానకాలంల చుక్క చుక్క తుప్పు లేస్తది.

నన్నడిగితే పాత బొక్కకు రబ్బరు మూత పెట్టి, పక్కన రేకు గట్టిగున్న చోట కొత్తగ 40 కొట్టుడే సుఖం. పైలట్ బిట్టుకు పట్టు దొరుకుతది. ఏది చేసినా అంచులు రెండు దిక్కులా రాసి, పచ్చి ఇనుము మీద రెడ్ ఆక్సైడ్ పూసి, అది ఎండినంకనే గ్లాండ్ బిగించు.

పరకాల_బాయికాడ
అన్నా, పక్కన జాగ లేదు. ఇంకో తిప్పలు కూడా ఉన్నది: పాత బొక్క సెంటర్ రేకు మడత నుంచి 24 ఎంఎం దూరమే. గ్లాండ్ నట్టు మూల నుంచి మూలకు 50 ఉన్నది, మడతకు తాకుతది.

కాజీపేట_ఫిట్టర్
కొత్త సెంటర్ పాత సెంటర్ మీదనే ఉండాలని ఏం లేదు. ప్లై ముక్కను మడతకు దూరంగ 5 ఎంఎం జరిపి బిగించు. సెంటర్ 29కి పోతది, నట్టుకు 25 చాలు. అప్పుడు మడత దిక్కు పాత బొక్క అంచుకు, కొత్త గీతకు నడుమ రెండున్నర ఎంఎం రేకు మిగులుతది. 5 మాత్రం దాటనీయకు. సా పండ్ల మందమే ఎంఎంన్నర పైన ఉంటది, అంతకన్న జరిపితే ఆ దిక్కు పండ్లకు రేకు సరిగ అందక సా మళ్ల ఎగురుతది.