పదేళ్లుగా ఎవరూ తీసుకోని పుస్తకాలు కళాశాల గ్రంథాలయంలో ఉండాలా, పోవాలా?

గ్రంథపాలకుడు, హనుమకొండ

మా డిగ్రీ కళాశాలలో ఒక ప్రతిపాదన వచ్చింది. పదేళ్లలో ఒక్కసారి కూడా ఇష్యూ కాని పుస్తకాలన్నీ రైట్ ఆఫ్ చేసి, అంటే రికార్డుల నుంచి కొట్టేసి, ఆ ర్యాకులు తీసేసి, పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం రీడింగ్ హాలు వేయాలని. లైబ్రరీ కమిటీలో దాదాపు అందరూ సరేనన్నారు. నేను ఒప్పుకోలేదు. మీరేమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను.

పుస్తకం తీసేయడమే పాపమనేవాళ్లలో నేను లేను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక పాత అమ్మకపు పన్ను గైడ్లు బీకాం విద్యార్థికి ఎందుకు? 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఐపీసీ నోట్సు ఒక ప్రతి ఉంచితే చాలు, డజను అక్కర్లేదు. తెలియని పిల్లవాడు పాతదాన్నే పట్టుకుపోయి పరీక్ష రాస్తాడు. ఇలాంటివాటిని రేపే తీసేయమన్నా సంతకం పెడతాను.

నా అభ్యంతరమంతా ఆ పదేళ్ల గీత మీదే. ఆ గీత గీస్తే ముందు పోయేవి గైడ్లు కావు. పరీక్షల ముందు వాటిని ఎవరో ఒకరు తీసుకుపోతూనే ఉంటారు. పోయేది తెలుగు విభాగం. మా చివరి రెండు ర్యాకుల్లో ఈ జిల్లా కవుల సంపుటాలు, కళాశాల పాత వార్షిక సంచికలు, సాహిత్య సభల సావనీర్లు (జ్ఞాపక సంచికలు), ఆగిపోయిన చిన్న పత్రికల విడి సంచికలు ఉన్నాయి. నిన్న ఒక సావనీరు తీసి చూశాను. వెనక అట్టకు అంటించిన తేదీ చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. లోపల ఒక వ్యాసం అంచుల్లో మాత్రం మూడు రకాల చేతిరాతలు, పెన్సిలుతో ఒకటి, సిరాతో రెండు. అంటే ఇక్కడే కూర్చుని చదివారు. ఇష్యూ రిజిస్టరుకు ఆ సంగతి తెలియదు.

కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, కాజీపేట

సార్, మీ ఆవేదన అర్థమవుతుంది, కానీ లెక్క కూడా చూడాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం మీద 1979లో ఒక అధ్యయనం వెలువడింది. 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం ఆ తర్వాతి ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఎవరి చేతికీ ఇష్యూ కాలేదు. అంత పెద్ద విశ్వవిద్యాలయంలోనే పరిస్థితి అదైతే మన డిగ్రీ కళాశాలల సంగతి చెప్పాలా? పుస్తకాలున్నది వాడుకోవడానికేనని మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే మొదటి సూత్రంగా రాశారు. వాడకం లేని పుస్తకం చదరపు అడుగులు తినడం తప్ప ఏమి చేస్తోంది?

పైగా ఇప్పుడు గ్రంథాలయాలను నెట్‌వర్కుతో కలిపే యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా కళాశాలలకు ఈ-పుస్తకాలు, ఈ-పత్రికలు అందించే ఎన్-లిస్ట్ ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన, ప్రభుత్వ విద్యాసంస్థలకు పరిశోధన పత్రికలు ఆన్‌లైన్‌లో అందించే పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఉంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. ప్రభుత్వ కళాశాల విద్యార్థి తన ఫోనులోనే చదువుకోవచ్చు. ఇంకా ఇనుప ర్యాకులకే అతుక్కుపోదామా?

తెలుగు అధ్యాపకురాలు, జనగామ

ఆ 13,000 పత్రికల్లో మా పిల్లల ప్రాజెక్టులకు పనికొచ్చే తెలుగు పత్రిక ఒక్కటి చూపించండి సార్. ఆ పథకం పరిశోధన పత్రికల కోసం. భౌతిక శాస్త్రానికి, వైద్యానికి అది గొప్ప మేలు, కాదనను. వరంగల్ నుంచి 1966లో మొదలైన సాహిత్య పత్రిక ‘సృజన’ పాత సంచిక కావాలంటే అందులో దొరకదు. ఎవరో దాచి ఉంచితేనే దొరుకుతుంది.

పిట్స్‌బర్గ్ లెక్కకు అప్పట్లోనే అభ్యంతరాలు వచ్చాయి. హాల్లో కూర్చుని చదివి బల్ల మీద వదిలి వెళ్లిన పుస్తకాలను ఇష్యూ లెక్కలు సరిగ్గా పట్టుకోలేవన్నదే ముఖ్యమైన విమర్శ. మొదటి పోస్టులో సార్ చెప్పిన సావనీరు సంగతి కూడా అదే కదా. ఇంకో మాట, అమెరికాలో ఒక గ్రంథాలయం తీసేసిన పుస్తకం మరో చోట ఉందో లేదో ఉమ్మడి కేటలాగులో వెతికి చూడవచ్చు. మన డిగ్రీ కళాశాలల్లో ఎన్నింటి తెలుగు పుస్తకాలు ఆన్‌లైన్ కేటలాగుకు ఎక్కాయి? ఇక్కడ తూకానికి వేసింది రాష్ట్రంలో చివరి ప్రతేమో తెలుసుకునే దారే లేదు.

హైదరాబాదులో ఉంటుందిలే అనకండి. 2000 ఆగస్టు వరదల్లో అక్కడి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో ఎన్నెన్ని పుస్తకాలు నీటిపాలయ్యాయో చూశాం. అన్నీ ఒక్క చోటే పెట్టుకుంటే ఒక్క రాత్రి వాన చాలు.

గ్రూప్స్ అభ్యర్థి, పరకాల

నేను చదువుకునే పిల్లల తరఫున మాట్లాడతాను. మాకు చోటు కావాలి. హాలు తెరవకముందే గేటు దగ్గర వరుస కడుతున్నాం. ఒక కుర్చీ కోసం మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా కూర్చునే వాళ్లున్నారు. హాస్టలు గదిలో నలుగురం ఉంటాం, అక్కడ చదవడం కుదరదు. దయచేసి మా అవసరాన్ని చిన్నదిగా చూడకండి.

అయితే గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ మీద విడిగా ఒక పేపరే ఉంది. బజారులో దొరికే గైడ్లు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి, తప్పులు కూడా ఒకేలా ఉంటాయి. 1969 నాటి తెలంగాణ ఉద్యమం సంగతులు ఆ కాలపు సంచికల్లో చదివితే తలకెక్కినట్టు గైడులో ఎక్కవు. పది జిల్లాల పటం ఉన్న పాత భూగోళం పుస్తకం నాకు అక్కర్లేదు, ఇప్పుడు 33 జిల్లాలు. ఆ సావనీర్లు మాత్రం కావాలి. మా పేరు చెప్పి వాటిని బయట పడేస్తే మాకే నష్టం.

విశ్రాంత గ్రంథపాలకుడు, కరీంనగర్

ఏవి తీసేయాలని అందరూ మాట్లాడుతున్నారు. అసలు జబ్బు కొనుగోలులో ఉంది. మార్చి నెలాఖరుకు నిధులు ఖర్చు కావాలంటారు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు సంఖ్య పెరగాలంటారు. ఎక్కువ డిస్కౌంటు ఇచ్చే సరఫరాదారు తన గోదాములో మిగిలినవి కట్టలు కట్టి పంపుతాడు. ఒకే గైడు ముప్పై ప్రతులు, ఇండెంటులో (కావాల్సిన పుస్తకాల జాబితాలో) ఎవరూ అడగని వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు. ఇవే పదేళ్ల తర్వాత ‘వాడకం లేనివి’ అవుతాయి. వాటితో కలిసి మంచివీ పోతాయి. ఏ విభాగానికి ఎంత, తెలుగుకు ఎంత, స్థానిక రచనలకు ఎంత అని ఒక పేజీ విధానం రాసి, ప్రిన్సిపల్ సంతకం తీసుకోండి. అది లేని చోట కొనడమూ గుడ్డిదే, తీసేయడమూ గుడ్డిదే.

రెండోది భయం. రైట్ ఆఫ్ అంటే తన జీతంలో కోస్తారని గ్రంథపాలకులు భయపడతారు, అందుకే చిరిగిన గైడునూ దాస్తారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లోని 215వ నియమం చూడండి. ఏడాదిలో పాఠకుల చేతుల్లోకి వెళ్లిన ప్రతి వెయ్యి సంపుటాలకు అయిదు పోతే, మోసం, నిర్లక్ష్యం లేనంతవరకు దాన్ని సహజ నష్టంగానే చూడమంటుంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ, అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం తప్పనిసరిగా విచారించాలి. అరుదైన పుస్తకానికి ధరతో నిమిత్తం లేదు. మీ కమిటీకి ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి. అది కేంద్ర నియమమే కావచ్చు, అందులోని వివేకం అందరిదీ.

కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, కాజీపేట

కొనుగోలు గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. అరుదైనవి ఉంచాలన్నదీ సరే. కానీ కళాశాల గ్రంథాలయం పురావస్తుశాల కాదన్న మాట మీదే ఉన్నాను. స్కాన్ చేసి, అసలు ప్రతిని కాకతీయ విశ్వవిద్యాలయానికో, హనుమకొండలో 1904 నుంచి నడుస్తున్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికో ఇవ్వవచ్చు కదా?

గ్రంథపాలకుడు, హనుమకొండ

ఇవ్వవచ్చు సార్, వాళ్లు తీసుకుంటామని రాసిచ్చాక. అడగకుండా తీసుకెళ్లి వాళ్ల వరండాలో దింపితే అది బదిలీ కాదు, మన బరువు వాళ్ల నెత్తిన పెట్టడం. స్కానింగు కూడా మంచిదే. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచుకోవడానికి డిజిటల్ రూపంలో దాచుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. స్కాన్ చేశాం కదా అని అసలును తూకానికి వేయమని మాత్రం ఎక్కడా లేదు.

కమిటీ ముందు నేను పెట్టబోయేది ఇది. పాఠ్యపుస్తకాలు, గైడ్లలో సిలబస్ మారినవి, చట్టం మారినవి, రెండుకు మించిన ప్రతులు ఈ ఏడాదే తీసేద్దాం. వాటితోనే ఆరు ర్యాకులు ఖాళీ అవుతాయి, ఆ చోట బల్లలు వేద్దాం. పరకాల తమ్ముడికి కుర్చీ అక్కడే దొరకాలి. తెలుగు, ఉర్దూ, జిల్లాకు సంబంధించినవేవీ పదేళ్ల గీత కిందికి రాకూడదు. వాటి జాబితా గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహాలోకి ఎక్కించి, నోటీసు బోర్డు మీద నెల రోజులు ఉంచుదాం. ఏదైనా తీసేయాలనుకుంటే ఆ శాఖ అధ్యాపకులు పుస్తకం చేతిలోకి తీసుకుని, తెరిచి చూసి, రిజిస్టరులో ఆ పుస్తకం అక్సెషన్ నంబరు (నమోదు సంఖ్య) పక్కన సంతకం చేయాలి.

జనగామ మేడం, మీ కళాశాలలో ఉన్న చిన్న పత్రికల సంచికల వివరాలు పంపగలరా? మా దగ్గరున్నవాటితో సరిచూస్తే ఏవి లేవో తేలుతుంది.